రెండో సంతకం

సాంతోంలో ఆటో దిగాను.
ఉప్పుగాలి, డీజిల్ పొగ, ఎండుచేపల వాసన
మూడూ మెట్లదాకా తోడొచ్చాయి.
పదిన్నరకి రమ్మన్నారు.
ఉత్తరంలో నా పేరు పక్కన
సాక్షి అని టైపు కొట్టి ఉంది.

పంతొమ్మిదేళ్ల కిందట కూడా నేను సాక్షినే.
పెరంబూరు గుడిలో, మే నెల ఉక్కలో,
రిజిస్టరు మీద చెమటచుక్క రాలి
నా ఇంటిపేరు కొంచెం అలుక్కుపోయింది.
పైన ఫిలోమిన, పక్కన ఇన్నారెడ్డి,
వాళ్ల కింద నేను.

ఇది కోర్టు కాదు, కోర్టు లాంటిది.
బల్ల మీద బైబిలు, టేబుల్ ఫ్యాను,
కాగితాలు ఎగరకుండా ఒక నత్తగుల్ల.
విడాకులు ఏనాడో అయిపోయాయి,
ప్రభుత్వం తెంచేసింది.
ఇక్కడ తెంచరట.
ముడి అసలు పడిందా లేదా, అది చూస్తారట.

జడ్జి ఫాదర్‌కి తెలుగు రాదు.
నా మాటల్ని ఒక సిస్టర్ ఇంగ్లీషులోకి మోస్తోంది,
నిండు బిందెలా, తొణకనివ్వకుండా.
‘‘తర్వాతవి తర్వాత.
పెళ్లికి ముందు మీకు తెలిసింది చెప్పండి.’’

నేను మూటగట్టుకొచ్చినవన్నీ తర్వాతవే.
బయట పెట్టిన గడియ, తాకట్టు గాజులు,
కాన్పుకి రాని మనిషి.
బేరం కుదరని కూరల్లా
సంచిలోనే ఉండిపోయాయి.

ముందు...
ముందొక రాత్రి ఉంది.
ఐసీఎఫ్ క్వార్టర్స్ మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన
గోరింటాకు ఆరని చేతులు గాల్లో పెట్టుకుని
ఫిలోమిన అంది:
‘‘రేపు స్వాములవారు అడిగితే నా నోరు ఔనంటుంది.
నేను అనను.’’
నేనేమన్నాను?
‘‘అందరికీ అలాగే ఉంటుందే, పడుకో’’ అన్నాను.
చేతులు ఖాళీ లేవు కదా,
నీళ్లు నేనే తాగించాను.

ఫ్యాను తిరిగింది. సిస్టర్ తర్జుమా చేసింది.
‘పడుకో’ అన్న మాట
ఇంగ్లీషులో ఇంకా చిన్నగా వినిపించింది.

మూలన ఇంకో ఫాదర్. బంధ రక్షకుడట.
ఆ పెళ్లి తరఫున మాట్లాడ్డమే ఆయన పని.
దానికి ఈ లోకంలో మిగిలిన ఒకే ఒక్క చుట్టం.
‘‘ఒక్క మంచి రోజు కూడా లేదా అమ్మా?’’
మెల్లగా అడిగాడు.

నిజమే చెబుతానని ప్రమాణం చేసి కూర్చున్నాను.
ఉంది.
వరదొచ్చిన ఏడు, నడుంలోతు నీళ్లలో
పిల్లని భుజానేసుకుని
పాలపాకెట్టు పళ్లతో కరుచుకుని
ఈదుకుంటున్నట్టే వచ్చాడు ఇన్నారెడ్డి.
అదీ రాసుకున్నారు.

నిన్న ఫోన్లో అడిగాను,
ఎందుకే ఇదంతా, మళ్లీ చేసుకుంటావా అని.
లేదంది.
ఆ రాత్రి నేనన్నది
నువ్వు విన్నావని
ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి, అంది.

ప్రతి పేజీ కిందా సంతకం పెట్టమన్నారు.
ఇప్పుడు నా ఇంటిపేరు వేరు, చేతిరాత వేరు.
నాలుగో పేజీ దగ్గర పెన్ను ఆగితే
సిస్టర్ తన పెన్నిచ్చింది.
తీర్పుకి ఏడాది పట్టొచ్చట.

బయట వరండాలో అవీలా, పదహారేళ్లది,
తల్లి ముక్కు, తండ్రి నడక.
‘‘పెళ్లే లేదంటే మరి నేనెవరు పిన్నీ?’’
సిస్టర్ చెప్పిందే చెప్పాను:
నీ జ్ఞానస్నానం పుస్తకంలో ఒక్క అక్షరం మారదు,
ఈ తీర్పు నిన్ను ముట్టుకోదు.
తలూపింది. చెప్పుతో ఇసక గీరింది.
‘‘మరి ఆల్బం?’’

బీచి వైపు నడిచాం. సుండల్ కొన్నాను.
కారంగా ఉందంటే
నీళ్ల సీసా ఇచ్చాను.
తాగి మూత పెట్టాక
ఇందాకటిది
మళ్లీ అడగమన్నాను.